రాగి గొట్టానికి పెట్టిన బొట్టు

ఆర్మూరులో మా వాడకట్టులో ఎవరికి ఏ తేదీ కావాలన్నా నన్నే అడుగుతారు. ఫలానా ఇంట్లో తొట్టెల ఏ వారం వేశారు, బస్టాండు ముందు రోడ్డు ఏ సంవత్సరం వెడల్పు చేశారు, పోచంపాడ్ డ్యాము గేట్లు ఎత్తినప్పుడు మేమంతా కలిసి చూడబోయింది ఏ నెలలో... అడిగిన మనిషి గుక్క తిప్పుకునే లోపల చెప్పేస్తాను. మా ఆయన పసుపు యార్డులో కమీషన్ ఏజెంటుగా ఉన్నన్నాళ్ళు బస్తాల కూడికలన్నీ నోటితోనే చేసిపెట్టాను. ఒక్క తప్పు పోలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. తర్వాత చెప్పబోయేదానికి ఇది అవసరం.

నాకు గుర్తులేని రోజు ఒకటుంది. మూడేళ్ళ కిందటి దసరా. రోజంతా కాదు, మధ్యాహ్నం ఒక అరగంట. ఆ అరగంట నా దగ్గర లేకపోవడం వల్ల మా మరిది నలుగురిలో నిజం చెప్పి కూడా ఒక్కరిని నమ్మించలేకపోయాడు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

మరిది హైదరాబాదులో కేబుళ్ళు తయారుచేసే కంపెనీలో, వాటిని పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. అప్పటికి మా ఆయన పోయి చాలా కాలమైంది. మా ఇంటి వెనక, ఒకప్పుడు పసుపు బస్తాలు వేసిన గది ఖాళీగా ఉంటే అందులో దిగాడు. ఒక ట్రంకు పెట్టె, బరువైన మీటరు, మనిషి కన్నా పొడుగున్న రాగి గొట్టం తెచ్చుకున్నాడు. గొట్టాన్ని ఆటో పైకప్పుకు తాళ్ళతో కట్టి తెచ్చాడు. వాడకట్టంతా బయటికొచ్చి చూసింది.

"గిదేందయ్యా?" అన్నాను.

"నా పెండ్లాం వదినె. జర దారియ్యి, ఎండల నిలబడ్డది."

అందరూ నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను అట్లా సిగ్గుపడేట్టు చేస్తూనే ఉన్నాడు. వీధిలో పోతూ పోతూ ఎవరి గోడ మీదైనా కేబుల్ వేలాడుతూ కనిపిస్తే ఆగిపోయేవాడు. దాన్ని పట్టుకుని వంచేవాడు. తెగిన చివర దొరికితే పళ్ళతో కొరికి తొడుగు ఊడదీసేవాడు. ఇంటివాళ్ళు బయటికొస్తే, "ఎవడు అమ్మిండు మీకు గిది? ముసుగేసిన దారం ఇది," అని అరిచేవాడు. వాళ్ళు నా వైపు చూసేవాళ్ళు. నేను ముందుకు నడిచేదాన్ని, ఆయనెవరో నాకు తెలియనట్టు.

కుడి బొటనవేలికి అడ్డంగా ఒక గాటు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కేబుల్ చీలుస్తుంటే బ్లేడు దిగిందట. చర్మం అతుక్కుంది గాని గీత పోలేదు. ఎవరితో వాదిస్తున్నా ఆ వేలు ఎదుటివాడి మొహం ముందు ఆడించేవాడు.

పసుపు ఆయనకు పడేది కాదు. ఆర్మూరులో పుట్టినవాడికి అది ఎంత అవస్థో చెప్పనక్కర్లేదు. సీజన్లో ముక్కుకు రుమాలు కట్టుకుని తిరిగేవాడు. గది ఎన్నిసార్లు కడిగినా గోడల్లోంచి ఆ వాసన వచ్చేది. "పసుపు డబ్బల వేసి మూతబెట్టినవ్ వదినె నన్ను," అని తుమ్ముతూ తిట్టేవాడు.

ఆయన పనేమిటో నాకు అర్థమైంది ఒక రైతు వల్ల. సిరికొండ వైపు నుంచి వచ్చినతను, మా ఆయన కాలం నాటి పరిచయం. వెనక గదిలోకి తొంగిచూసి, "గీ గొట్టం దేనికి సారూ?" అన్నాడు. మరిది అతన్ని రెక్క పట్టుకుని పక్క సందులో పసుపు కొమ్ములు పాలిషు పట్టే డ్రమ్ము దగ్గరికి లాక్కుపోయాడు. నేనూ వెనకే పోయాను, ఏం తగువు తెస్తాడోనని.

"గీ డ్రమ్ముకు జాలీ ఉన్నదా? లోపట కొమ్ములేసి తిప్పితే మన్ను రాలుతది, పొట్టు రాలుతది. కొమ్ము రాలుతదా?"

"రాలది."

"కన్నం పెద్దగైతే?"

"గప్పుడు కొమ్ము సుత పడ్తది గద."

"కేబుల్ల గూడ గట్లనే జాలీ ఉంటది. సన్న తీగెలతోటి అల్లుతరు. దాని నడుమ ఒక్క రాగి తీగె, గా తీగెల టీవీ బొమ్మ పోతది. జాలీ మంచిగుంటే బొమ్మ బయటికి చిందది. బయటి మోటర్ల రొద, సెల్ టవర్ల లొల్లి లోపటికి రాదు. లోపటిది లోపట, బయటిది బయట. గంతే సదువు. నేను బతుకంతా జూసింది గా కన్నమే."

రైతు కాసేపు ఆలోచించి, "మరి నీ డ్రమ్ముల దినానికి ఎన్ని బస్తాలు పడ్తయ్ సారూ?" అన్నాడు. మరిది డ్రమ్ము మీద ఒక్క చరుపు చరిచి ఇంటిదారి పట్టాడు.

ఆయన పరీక్ష చేసే పద్ధతి నేను గడప బయట నిలబడి చాలాసార్లు చూశాను. కేబుల్ ముక్కను రాగి గొట్టంలో పెడతాడు. గొట్టం రెండు చివరలా రాగి మూతలు బిగిస్తాడు. కేబుల్ నడిమి తీగలోకి సంకేతం పంపుతాడు. జాలీలోంచి ఏదైనా చిందితే అది గొట్టంలో పోగవుతుంది. ఎంత చిందిందో మీటరు చెబుతుంది. చిందింది ఎంత తక్కువైతే మీటరు మీద అంకె అంత పెద్దది. ఎనభై డెసిబెల్స్ దాటితే సరుకు మంచిది. నలభై అయితే దాన్ని జల్లెడ అనేవాడు. అయితే మూత దగ్గర రాగి మీద రాగి కూర్చోవాలి. వెంట్రుకంత సందున్నా బయటి గోల గొట్టంలోకి దూరుతుంది, అదంతా కేబులే చిందించినట్టు లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతిసారీ ముందు తన దగ్గరున్న మంచి ముక్క ఒకటి పెట్టి చూసుకునేవాడు. ఆ ముక్క ఎప్పుడూ ఒకే అంకె చూపాలి. చూపితే గొట్టం సరిగా ఉన్నట్టు. ఆ తర్వాతే తెచ్చినవాళ్ళ సరుకు. ఈ క్రమం నాకు నచ్చేది. ఆయనలో నాకు నచ్చింది అదొక్కటే అని కూడా అనుకునేదాన్ని.

ఇక పూజల సంగతి. దేవుడి పేరెత్తితే ఎగతాళి చేసేవాడు. దసరాకు ప్రతి ఇంట్లో పనిముట్లకు పసుపు, కుంకుమ పెడతారు గదా. మేమూ గ్రైండరుకు, నీళ్ళ మోటరుకు, సైకిలుకు, తలుపులకు పెడతాం. ఆయన వచ్చిన మొదటి ఏడాది, ఆయన బయటికి పోయినప్పుడు, మీటరు ముందు భాగాన చిన్న బొట్టు పెట్టాను. తిరిగొచ్చి చూసి వీధి వినిపించేట్టు అరిచాడు.

"మీటర్‌కు జరమొచ్చిందా వదినె, పసుపు రాసినవ్? ఇంగ మంత్రమేస్తవా? తాయెత్తు గడ్తవా?"

స్పిరిటు ముంచిన గుడ్డతో దాన్ని తుడిచేశాడు. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తూ నవ్వారు. "బొట్టువెట్టే చెయ్యి గీ గడప దాటొద్దు," అన్నాడు. అప్పటినుంచి దసరా రోజు నేను పళ్ళెం పట్టుకుని బయల్దేరితే వాడకట్టులో ఎవరో ఒకరు, "అక్కా, మీటరుకు పెట్టినవా?" అని వెక్కిరించేవాళ్ళు. అందరికీ అదొక వేడుక.

మూడేళ్ళ కింద దసరా ముందు, పసుపు సీజను రాకముందే యార్డులో కెమెరాలు పెట్టించాలని వ్యాపారులు అనుకున్నారు. అంతకుముందు ఒకసారి పెట్టించారు గాని బొమ్మ మీద గీతలు పరుగెత్తేవి. తూకం దగ్గర మోటరు ఆన్ చేస్తే మొహాలే కనిపించేవి కావు. ఈసారి కేబుల్ సరఫరా చేసి బిగించే పని సుజాతకు ఇవ్వాలనుకున్నారు. సుజాతది బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ దుకాణం. భర్త చనిపోయాక షట్టరు మూయకుండా తనే నడుపుతోంది. నిచ్చెనెక్కి వైర్లు కూడా తనే లాగుతుంది. అంత పెద్ద పని ఆమెకు రావడం అదే మొదటిసారి. ఆడమనిషికి ఎందుకిచ్చారని గొణిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి సేటు, అంటే వ్యాపారుల్లో పెద్దాయన, "సారుతోని పరీక్ష చేపిద్దం. ఆయన మంచిదంటే మంచిది," అన్నాడు. సుజాత సంతోషంగా ఒప్పుకుంది. తన సరుకు మీద ఆమెకు నమ్మకం.

దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున అందరూ మా ఇంటికి వచ్చారు. సేటు, ఇంకో నలుగురు వ్యాపారులు, సుజాత. వెనక గది ముందు కుర్చీలు వేశాను. అంతమంది తన పని చూడటానికి రావడం మరిదికి ఎప్పుడూ జరగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఉపన్యాసం మొదలుపెట్టాడు. జాలీ అన్నాడు, డ్రమ్ము అన్నాడు, మా ఆయన యార్డులో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడిన రోజులు తెచ్చాడు. "అన్న తువ్వాల కింద మాట పక్కోనికి తెల్వది. మంచి కేబుల్ గూడ గంతే," అన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో నేరుగా సుజాత కేబుల్ ముక్కను గొట్టంలో పెట్టి మూత బిగించాడు. మంచి ముక్కతో ముందు చూసుకోలేదు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. క్రమం తప్పాడని గమనించాను. అడ్డుపడి చెబితే అందరి ముందు ఎగతాళి చేస్తాడని ఊరుకున్నాను.

మీటరు మీద అంకె నలభై దాటలేదు.

మరిది మూత విప్పి, మళ్ళీ బిగించి చూశాడు. అంతే వచ్చింది.

"జల్లెడ," అన్నాడు.

సుజాత లేచి నిలబడింది. "సార్, ఇంకొక్కసారి చూడున్రి. మంచి కంపెనీ సరుకు సార్ అది. సీలు నేనే ఇప్పిన."

"మీటర్‌కు సీలు కనవడది బిడ్డా."

వ్యాపారుల్లో ఒకాయన, "నేను ముందే చెప్పలే?" అన్నాడు పక్కాయనతో, ఆమెకు వినిపించేట్టే. సుజాత మొహం ఎట్లా అయిందో నాకు బాగా గుర్తుంది. ఏడవలేదు. తెచ్చిన కేబుల్ చుట్టను భుజానికి తగిలించుకుంది. నేనిచ్చిన టీ గ్లాసు నిండుగా అట్లాగే గట్టు మీద పెట్టి వెళ్ళింది. రెండు రోజుల్లో బస్టాండు దగ్గర అందరికీ తెలిసిపోయింది. సుజాత దొంగ సరుకు అమ్ముతుందన్నారు. ఇళ్ళల్లో ఆమె బిగించిన స్విచ్చులు కూడా మార్చేద్దామన్నవాళ్ళు ఉన్నారు.

ఆ వారంలోనే మరిది గదిలోంచి అన్నానికి రావడం మానేశాడు. నేను పళ్ళెం తీసుకుపోతే గడప దగ్గరే అందుకునేవాడు. మొహం చూపేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు హమాలీలను పిలిచి రాగి గొట్టం ఎత్తించాడు. మీటరు ఆటోలో పెట్టాడు.

"ఎక్కడికయ్యా?"

"యార్డుకు. నువ్వు సుత రా వదినె. సుజాతను గూడ రమ్మన్న."

యార్డులో వ్యాపారులు కూర్చునే షెడ్డు ముందు గొట్టం దింపించాడు. ముందు వచ్చినవాళ్ళే గాక హమాలీలు, రైతులు కూడా మూగారు. సుజాత దూరంగా, ఒక స్తంభం పక్కన నిలబడింది. మరిది ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. మంచి ముక్క పెట్టి చూపించాడు, అంకె సరిగా వచ్చింది. తర్వాత సుజాత కేబుల్ ముక్క పెట్టాడు. ఎనభై దాటింది.

"సరుకు మంచిది. తప్పు నాది," అన్నాడు. "గీ మూత అంచుకు పసుపు బొట్టుండె. ఎండి పెచ్చు గట్టింది. మూత సరిగ కూసోలే. బయటి లొల్లంత లోపటికొచ్చింది. మల్ల నా మంచి ముక్క పెట్టి చూస్తే అది సుత ఫెయిలైంది, గప్పుడు సమజైంది. ముందుగాల చూసుకోవాలె, చూసుకోలే."

షెడ్డులో అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి.

ఎవరూ కోపంగా చూడలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ముసలామె, భక్తి గల మనిషి, ఏం చేస్తుందిలే అన్నట్టు చూశారు. కొందరు నవ్వు ఆపుకుంటున్నారు.

"వదినె గాదు," అన్నాడు మరిది. "నేను పెట్టిన."

సేటు పెద్దగా నవ్వాడు. "ఊకో సారూ. నువ్వు దేవుని మొఖమే చూడవు, బొట్టు పెడ్తవా?"

"దసరానాడు నేనే పెట్టిన అంటున్న గదా."

"మంచిదే. వదినె ఇజ్జత్ కాపాడుతున్నవ్. లచ్మణుని లెక్క ఉన్నవ్ పో."

అందరూ నవ్వారు. ఎవరో, "పెద్దమ్మ మీద మాట రానియ్యడు," అన్నారు మెచ్చుకోలుగా. మరిది మొహం ఎర్రబడింది. గాటున్న ఆ బొటనవేలు పైకెత్తి, "నా చేతితోని పెట్టిన! నా చేతితోని!" అని అరిచాడు. ఎంత అరిస్తే అంత గొప్పవాడయ్యాడు. వాళ్ళ దృష్టిలో ఆయన ఎన్నేళ్ళుగానో బిగించుకున్న మనిషి, ఏదీ లోపలికి పోనివ్వడు. ఆ బిగింపును దాటి ఆయన ఆ రోజు చెప్పిన మాటను ఎవరూ లోపలికి తీసుకోలేదు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. "నేను పెట్టలేదు" అంటే చాలు. నా మాటకు ఆ యార్డులో విలువుంది. తేదీ చెప్పినా, లెక్క చెప్పినా ఎదురు మాట్లాడేవాళ్ళు లేరు.

అనలేకపోయాను. ఎందుకంటే నాకు తెలియదు.

ఆ దసరాకు నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది. పళ్ళెం పట్టుకుని గ్రైండరుకు పెట్టాను, గుర్తుంది. నీళ్ళ మోటరుకు పెట్టాను. సైకిలు హ్యాండిలుకు పెట్టాను, కుంకుమ కొంచెం చక్రం మీద రాలింది, అదీ గుర్తుంది. ఆ తర్వాత నేను మంచం మీద ఉన్నాను. పళ్ళెం గట్టు మీద ఉంది. ఆ రెంటికీ మధ్య వెనక గదికి వెళ్ళానా? తలుపు తీసే ఉందా? గొట్టం మూత విప్పి బల్ల మీద ఉంటే, మొదటి ఏడాది లాగే, ఆయన లేడని చూసి పెట్టేశానా? యార్డులో నిలబడి ఆ అరగంట కోసం వెతికాను. దొరకలేదు. నాకు ఒక రోజులో ముక్క దొరకలేదంటే ఇక నేనేమిటి? ఆ సిగ్గుతో కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. మరిది నన్ను కాపాడటానికే అబద్ధమాడుతున్నాడని నేనూ నమ్మాను.

సుజాతకు పని దక్కింది. కెమెరాలు బిగించింది. ఇప్పటికీ బొమ్మ అద్దంలో చూసినట్టు ఉంటుందని అంటారు. పని ముగిసిన రోజు అరటిపండ్లు, జాకెట్టు గుడ్డ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, మనసుల పెట్టుకోకు. తెల్వక పెట్టినవ్. దేవునికే గద పెట్టినవ్. నాకేం కోపం లేదు."

నేను పండ్లు తీసుకున్నాను. క్షమాపణ అడగని మనిషిని ఆమె క్షమించింది. చేశానో లేదో నాకే తెలియని తప్పుకు. ఆమె నా కాళ్ళకు దండం పెడుతుంటే నేను తలెత్తలేకపోయాను. వెనక గది తలుపు సందులోంచి మరిది మమ్మల్ని చూస్తున్నాడు.

ఆమె వెళ్ళాక వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. బొటనవేలి మీది గాటును గోటితో గీకుతూ ఉన్నాడు.

"వదినె," అన్నాడు చివరికి. "నువ్వన్న నమ్ముతవా?"

నేను అరటిపండ్లు ఒక్కొక్కటే విడదీస్తున్నాను. "ఎవరు పెడ్తె ఏందయ్యా ఇప్పుడు. ఆమె పని ఆమెకు దొరికింది గదా," అన్నాను.

ఆయన నా చేతుల వైపు చూశాడు. తల ఊపాడు. "గదే," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన వీధిలో కేబుళ్ళ దగ్గర ఆగడం తగ్గింది. ఎగతాళి పూర్తిగా పోయింది. దసరాకు నేను పళ్ళెం పట్టుకుంటే గది తలుపు తెరిచి పక్కకు జరిగి నిలబడేవాడు, లోపలికి రమ్మన్నట్టు. నేను పోలేదు. ఆయన నన్ను దెప్పుతున్నాడనుకున్నాను. ఆయన నిజంగానే పిలుస్తున్నాడని ఇప్పుడు అనిపిస్తోంది.

పోయిన ఎండాకాలం పొద్దున చాయ్ తాగుతూ గ్లాసు కింద పెట్టి, "గుండెల నొస్తంది వదినె," అన్నాడు. దవాఖాన గేటు దాకా కూడా అందలేదు.

మీటరు, గొట్టం సుజాతకే ఇవ్వాలని ఆయన అంతకుముందే నాతో చెప్పి ఉన్నాడు. పదకొండో రోజు అయ్యాక ఆమె వచ్చింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. మీటరు బరువు, ఆమె దాన్ని బల్ల మీద ఒక పక్కకు ఒరిగించి కింద చేయి పెట్టింది. చేయి వెనక్కి తీసి చూసుకుంది. వేళ్ళకు పసుపు అంటింది.

"పెద్దమ్మా, కిందికెళ్ళి జూడు."

మీటరును బోర్లించాం. అడుగున, నాలుగు రబ్బరు కాళ్ళ మధ్య, ఎవరికీ కనిపించని చోట, బొట్లు ఉన్నాయి. పసుపు పెట్టి నడుమ కుంకుమ పెట్టిన బొట్లు. వరసగా, ఏడాదికొకటి పెట్టినట్టు. మొదటివి వెలిసిపోయి గోధుమ రంగుకు తిరిగాయి, చివరిది ఇంకా తాజాగా ఉంది. ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టకుండా వదిలింది నా జన్మలో అదొక్కటే. ట్రంకు పెట్టె మూత లోపలివైపు కూడా ఉన్నాయి. బల్ల సొరుగు వెనక ఉన్నాయి. నేను ఉంగరం వేలితో పెడతాను, చిన్నగా, గుండ్రంగా వస్తుంది. ఇవి వెడల్పుగా, వత్తి పెట్టిన బొటనవేలి ముద్రలు. ప్రతి దాని మీదా అడ్డంగా ఒక గీత ఉంది.

సుజాత ఆ గీత మీద గోరు ఆనించింది. ఆ వేలు మొహం ముందు ఆడించగా ఆమె కూడా ఎన్నోసార్లు చూసింది.

అందరికీ కనబడే చోట నేను పెట్టినదాన్ని తుడిచేసి, ఎవరికీ కనబడని చోట తను పెట్టుకున్నాడు. ఆ దసరాకు గొట్టానికి కూడా పెట్టాలనిపించి ఉంటుంది. పైన పెడితే నేను చూస్తాను, వాడకట్టు చూస్తుంది. అందుకని మూత లోపలి అంచున పెట్టాడు. దాచడానికి అంతకన్నా మంచి చోటు లేదు, చెడగొట్టడానికి కూడా అంతే. తుమ్ములు వచ్చే మనిషి, ఆ పసుపు కలుపుకునేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకున్నాడేమో.

"సార్ చెప్పిండు గద పెద్దమ్మా," అంది సుజాత. నేల మీద కూర్చుండిపోయింది. "గంతమంది ముంగట చెప్పిండు. నేను నవ్విన."

"నేను నవ్వలే," అన్నాను. "నేను నమ్మలే."

ఆమె మీటరును తీసుకెళ్ళి దుకాణంలో గాజు బల్ల మీద పెట్టుకుంది. తుడవలేదు.

మొన్న దసరాకు దుకాణంలో పూజకు రమ్మని పిలిచింది. వెళ్ళాను. సేటు కూడా వచ్చాడు. మీటరును చూడగానే ఆయనకు పాత సంగతి గుర్తొచ్చింది. పక్కనున్న కొత్త వ్యాపారికి చెప్పడం మొదలుపెట్టాడు, నా వైపు చేయి చూపిస్తూ, ప్రేమగానే. "గీ పెద్దమ్మ బొట్టు పెట్టింది. ఆయన తన మీద ఏసుకున్నడు. గసొంటి మనుషులు ఇప్పుడేరి?"

"ఆయనే పెట్టిండు సేటూ," అన్నాను.

"ఏంది?"

"బొట్టు. మా మరిదే పెట్టిండు. నేను గాదు."

సేటు కొత్త వ్యాపారి వైపు చూసి కళ్ళతో నవ్వాడు. తర్వాత నా భుజం మీద మెల్లగా చేయి వేశాడు. "ఉండనియ్ పెద్దమ్మా. పెద్దదానివైనవ్. నీకు యాదికుండది."

నాకు గుర్తుండదని నా మొహం మీద ఒక మనిషి అనడం అదే మొదటిసారి. కోపం రాలేదు. యార్డులో షెడ్డు ముందు, గాటున్న వేలు పైకెత్తి నిలబడ్డ మనిషి కనిపించాడు. చుట్టూ అందరూ మంచిగానే నవ్వుతున్నారు. అంత మంచితనం మధ్య ఆయన ఒక్కడే ఎట్లా నిలబడ్డాడో, ఎంతసేపు నిలబడ్డాడో తెలిసింది. నేను పక్కనే ఉండి ఆయన్ను అట్లా వదిలేశానని కూడా తెలిసింది.

ఆ బొట్లు ఆయన దాచుకున్నవి. బయటపెట్టే హక్కు నాకుందో లేదో తెలియదు. కానీ నువ్వన్న నమ్ముతవా అని ఆయన నోరు తెరిచి అడిగినప్పుడు నేను అరటిపండ్లు విడదీస్తూ కూర్చున్నాను.

"సుజాతా," అన్నాను. "గా మీటరు జర బోర్ల వెయ్యి బిడ్డా. సేటు సూస్తడు."

సుజాత నా మొహంలోకి చూసింది. హారతి పళ్ళెం పక్కన పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, మీటరును రెండు చేతులతో పట్టుకుంది.